కార్తీక వనభోజనాన్నే ప్రకృతి పండుగగా చేయడం ఎలా?

వనభోజనం మనకు కొత్తగా నేర్పాల్సిన పని కాదు. దీపావళి వెళ్ళిన మర్నాటి నుంచి నెల్లాళ్ళపాటు ఉసిరిచెట్టు ఎక్కడుంటే అక్కడ చాపలు పరుస్తూనే ఉంటాం. భోజనం, అంత్యాక్షరి, హౌసీ, ఫొటోలతో రోజు గడిచిపోతుంది. వనం వైపు మాత్రం ఎవరూ చూడరు. మీ ఊళ్ళో చెరువుగట్టున పర్యావరణ కేంద్రం ఉన్నా, పురపాలక సంఘం వాళ్ళ పార్కు ఉన్నా, బడి వెనకాల నాలుగు చెట్ల తోపు ఉన్నా, అదే ఆదివారాన్ని పిల్లాపాపలతో సహా అందరూ వనాన్ని చూసే పండుగగా మార్చుకోవచ్చు. కింద ఇచ్చిన లెక్కలన్నీ 120 మందికి, అంటే సుమారు 35 కుటుంబాలకు వేసినవి. వీళ్ళలో పిల్లలు 50 మంది దాకా ఉంటారు. మొదటిసారి చేసేవాళ్ళు ఇంతకు మించి పిలవకండి.

ఏం పెట్టాలో తేల్చుకునేటప్పుడు ఒకే ఒక్క కొలబద్ద పెట్టుకోండి. ఆ స్థలంలో ఉన్నదే చూపించాలి, లేనిది బయటి నుంచి తేకూడదు. గాలి బొమ్మలు, గుర్రపు స్వారీ, పంజరంలో చిలకలు, పాములవాడు వచ్చారంటే పిల్లలు చెట్టు వైపు తల తిప్పరు. పైగా చిలకను పంజరంలో పెట్టడం, పాముల్ని ఆడించడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరాలు. చిలకేమో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి కూడాను.

తేదీ ఎంచుకోవడం

కార్తీకంలో నాలుగైదు ఆదివారాలొస్తాయి, అన్నీ ఒకటి కాదు. ముందురోజు రాత్రి దీపం దగ్గరికొచ్చే పురుగుల్ని చూపించాలనుకుంటే దీపావళి తరవాతి మొదటి ఆదివారం గానీ, నెల చివరి ఆదివారం గానీ పెట్టుకోండి. అమావాస్య దగ్గర్లో పురుగులు దండిగా వస్తాయి. పౌర్ణమి వెన్నెల్లో మీ బల్బుకు విలువుండదు. రాత్రి కార్యక్రమం లేకపోతే ఏ ఆదివారమైనా ఒకటే. నవంబరు 12 పక్షి శాస్త్రవేత్త సలీం అలీ పుట్టినరోజు, రెండు రోజులు ఆగితే బాలల దినోత్సవం. ఆ వారం బడుల నుంచి స్పందన బాగుంటుంది.

నెల్లూరు, తిరుపతి వైపు ఉన్నవాళ్ళకు మాత్రం ఈ లెక్క పనికిరాదు. ఈశాన్య రుతుపవనాల వాన అక్కడ సరిగ్గా ఈ రోజుల్లోనే పడుతుంది. ఇదే కార్యక్రమాన్ని జనవరికి జరుపుకుంటే పులికాట్‌లో రాజహంసలు, నేలపట్టులో గూడబాతులు కూడా కలిసొస్తాయి. మిగిలిన కోస్తా జిల్లాల వాళ్ళు ముందే రెండో తేదీ కూడా ప్రకటించాలి. నవంబరు అంటే తుపానుల నెల. వాయుగుండం వార్త వచ్చాక కొత్త తేదీ కోసం వాట్సాప్‌లో వాదనకు దిగితే సగం మంది జారిపోతారు.

ఆరు వారాల ముందు: స్థలం నడవడం

ఇద్దరు ముగ్గురు కలిసి ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి స్థలమంతా నడవండి. కాగితం మీద చేత్తో పటం గీసి, ఉసిరి, వేప, చింత, మోదుగ, కానుగ ఎక్కడున్నాయో, పదకొండు గంటలకు నీడ ఎక్కడ పడుతుందో, మరుగుదొడ్డి ఎంత దూరమో గుర్తు పెట్టుకోండి. పొద్దున్న చల్లగా కనిపించిన చోటు పదకొండుకు ఎండలో మాడుతుంటుంది. నీడ లెక్క తప్పితే బల్లలన్నీ మధ్యలో మార్చాల్సి వస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యంగా తలెత్తి చూడాల్సింది తేనెపట్ల కోసం. మర్రి, రావి, బూరుగు లాంటి పెద్ద చెట్ల కొమ్మల కింద, నీళ్ళ ట్యాంకుల అంచులకు కొండ తేనెటీగలు బారెడు పట్టు పెడతాయి. వనభోజనాల్లో జరిగే పెద్ద ప్రమాదం పాముతో కాదు, దీంతోనే. పొయ్యి పొగ పైకి పోయిందంటే, ఆకతాయి పిల్లాడు రాయి విసిరాడంటే గుంపంతా దిగుతుంది. పట్టు ఉన్న చెట్టుకు కనీసం వంద మీటర్ల దూరంలో కూర్చోండి. పొగ అసలు వద్దు. ఈ ఈగలు కాలాన్ని బట్టి మకాం మారుస్తుంటాయి కనక ఆరు వారాల కింద లేని పట్టు ఇప్పుడుండొచ్చు. ముందురోజు సాయంత్రం మళ్ళీ చూడాల్సిందే. పట్టును కొట్టించి "శుభ్రం చేయించే" ఆలోచన మాత్రం మానుకోండి. గూడు చెడిన ఈగలు ఆ చుట్టుపక్కలే తిరుగుతూ ఇంకా రెచ్చిపోతాయి.

అనుమతి సంగతి: పార్కు పురపాలక సంఘానిది, చెరువు నీటిపారుదల శాఖది, అడవి పార్కైతే అటవీశాఖది. రాతపూర్వకంగా అడగండి, నకలు దగ్గరుంచుకోండి. మైకు పెట్టకపోతే ఆ అనుమతి బెడద ఉండదు. అసలు మైకెందుకు? మైకుంటే వేదిక వస్తుంది, వేదికుంటే ముఖ్య అతిథి వస్తారు, ఆయన వచ్చేది పదిన్నరకు. అప్పటికి పక్షులు వెళ్ళిపోయి ఉంటాయి.

మూడు వారాల ముందు: కసిమి కుండ

పిల్లలు ఇంటికి పట్టుకెళ్ళే వస్తువు ఒకటుండాలి. అందుకు కలంకారీ నల్లరంగుకు సాటి లేదు. శ్రీకాళహస్తిలో కలంతో గీసే నల్లని గీత కసిమితోనే, అంటే ఇనుము, బెల్లం పులియబెట్టిన తుప్పునీళ్ళతోనే వస్తుంది. తుప్పునీళ్ళు కరక్కాయ పట్టించిన బట్టకు తగలగానే, కరక్కాయలోని వగరు పదార్థం ఇనుముతో కలిసి నల్లబడుతుంది. గోధుమరంగు నీళ్ళతో గీసిన గీత కళ్ళ ముందే నల్లగా మారుతుంటే పెద్దవాళ్ళు కూడా వరస కడతారు.

కుండకు కావలసినవి: తుప్పు పట్టిన మేకులు, ఇనప ముక్కలు కిలో, బెల్లం 200 గ్రాములు, నీళ్ళు 3 లీటర్లు. గాల్వనైజ్ చేసిన మేకులు, స్టీలు ముక్కలు పనికిరావు, తుప్పు పట్టే మామూలు ఇనుమే కావాలి. మట్టికుండలో గానీ ప్లాస్టిక్ డబ్బాలో గానీ వేసి, బట్టతో వాసెన కట్టి నీడన పెట్టండి. మూత బిగించకూడదు, పులిసేటప్పుడు గ్యాసు పుడుతుంది. రెండు మూడు రోజులకోసారి కర్రతో కలపండి. వారం తిరిగేసరికి నురగ, పుల్లటి వాసన వస్తాయి. 15 నుంచి 20 రోజులకు తయారవుతుంది, చలి ఎక్కువుంటే ఇంకా నాలుగు రోజులు పట్టొచ్చు. పరీక్ష సులువు. కరక్కాయ పట్టించిన గుడ్డపీలిక మీద చుక్క వేస్తే నిమిషంలో నల్లబడాలి. బూడిదరంగు దగ్గరే ఆగిపోతే ఇంకా కాలేదన్నమాట. అయ్యాక పలచటి బట్టలో వడకట్టి సీసాల్లో పోసుకోండి.

ఇక బట్ట. రంగు వేయని నూలు గాడా బట్ట 5 మీటర్లు కొంటే, మీటరు పన్నాలో 25 సెంటీమీటర్ల చదరాలు 80 వస్తాయి. కత్తిరించే ముందే ఈ పనులన్నీ కావాలి:

1. సబ్బునీళ్ళలో అరగంట ఉడికించి గంజి పోగొట్టాలి. గంజి ఉన్న బట్ట రంగు పట్టదు. ఒక నీటిచుక్క వేసి చూడండి, వెంటనే ఇంకిపోతే సరిపోయినట్టు.
2. కరక్కాయ పొడి 150 గ్రాములు 4 లీటర్ల నీళ్ళలో రాత్రి నానబెట్టి, పొద్దున వడకట్టి, కాచని గేదెపాలు ఒక లీటరు కలపాలి.
3. బట్టను అందులో అరగంట నానబెట్టి, తిప్పుతూ అంతటా సమంగా పట్టించి, గట్టిగా పిండి ఎండలో ఆరేయాలి.

పాలు దేనికంటే, వాటిలోని కొవ్వు గీతను పక్కకు పాకనివ్వదు. పాలు మానేస్తే పిల్లలు గీసిన పిట్ట మచ్చగా విచ్చుకుపోతుంది. మధ్యాహ్నం మొదలుపెట్టి తడి బట్టను రాత్రంతా వదిలేస్తే కంపు కొడుతుంది, కనక పొద్దున్నే మొదలుపెట్టి పొద్దుగూకేలోగా ఆరాలి. చాలామంది పప్పులో కాలేసే చోటు ఇంకొకటుంది. ఈ బట్టను ఇనప బకెట్లో నానబెట్టినా, ఇనప తీగ మీద ఆరేసినా, తగిలిన చోటల్లా నల్లచారలు పడతాయి. ప్లాస్టిక్ తొట్టి, కొబ్బరి తాడు వాడండి.

కలాలు కూడా ముందే కట్టుకోవాలి. 15 సెంటీమీటర్ల వెదురుపుల్ల కొన చెక్కి, కొనకు మూడు సెంటీమీటర్ల పైన ఉన్నిగుడ్డ చుట్టి దారంతో బిగించండి. ఉన్ని ఇంకును పీల్చుకుంటుంది, వేళ్ళతో నొక్కితే కొనకు దిగుతుంది. 30 చేసుకుంటే చాలు, ఒక జట్టు తరవాత ఇంకో జట్టు వాడుకుంటుంది.

ఎవరెవరు ఏ పని

మొత్తం 18 మంది కార్యకర్తలు కావాలి. ఆదివారం పెట్టే నాలుగు అడ్డాలకు (కసిమి, ముగ్గు, నీరు, చెట్లు) ఇద్దరేసి ఎనిమిది మంది, నాలుగు జట్లను వెంటబెట్టుకు తిప్పేవాళ్ళు నలుగురు, పేర్లు రాసుకునేందుకు ఇద్దరు, నీళ్ళు, భోజనాల దగ్గర ముగ్గురు, మందుల పెట్టె దగ్గర ఒకరు. జట్టు వెంట తిరిగేవాళ్ళను తగ్గించి సర్దుకుందామని అనిపిస్తుంది, తగ్గించకండి. వాళ్ళు లేకపోతే అందరూ కసిమి బల్ల దగ్గరే మూగిపోతారు.

జట్లను నాలుగు రంగుల దారాలతో గుర్తించండి. పసుపు దారం, ఎర్ర దారం ఇలా మణికట్టుకు కడితే ప్లాస్టిక్ బ్యాడ్జీల అవసరమే ఉండదు. ఫ్లెక్సీ బ్యానరు కూడా వద్దు. ప్రకృతి పండుగకు ప్లాస్టిక్ ఫ్లెక్సీ కట్టడం ఉపవాసం రోజున బిరియాని వండుకోవడంలాంటిది. పాత దుప్పటి మీద అదే కసిమితో పెద్దక్షరాలు రాసుకోండి.

ముందురోజు రాత్రి: తెల్ల దుప్పటి

దీనికి 25 మందిని మించి రానివ్వకండి. రెండు చెట్ల మధ్య తాడు కట్టి, తెల్లని నూలు దుప్పటి నేలదాకా వేలాడదీసి, కింద ఇంకో తెల్లగుడ్డ పరవండి. ముందు ఒక యూవీ (అతినీలలోహిత కాంతి) ట్యూబు గానీ యూవీ బల్బు గానీ వేలాడదీయండి, 15 నుంచి 20 వాట్లది చాలు. మామూలు ఎల్‌ఈడీ బల్బుకు పురుగులు తక్కువే వస్తాయి. చుట్టుపక్కల లైట్లు ఆర్పించాలి. ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా చూడండి. పిల్లలు యూవీ దీపం వంక నేరుగా చూడకుండా దుప్పటికి పక్కవాటుగా కూర్చోబెట్టండి.

రెండు జాగ్రత్తలు. వరిపొలాల దగ్గర సన్నగా, ఎరుపు-నలుపు పట్టీలతో చీమలాంటి పురుగు ఒకటి దీపాలకు వస్తుంది. అది కుట్టదు, కానీ ఒంటి మీద నలిపితే దాని రసానికి చర్మం కాలినట్టు బొబ్బలెక్కుతుంది. వాలితే ఊదేయాలి, నలపకూడదు. పొరపాటున నలిగితే సబ్బుతో కడగాలి. రెండోది: కార్యక్రమం అవగానే దీపం ఆర్పి, దుప్పటి దులిపి మడిచేయండి. తెల్లారేదాకా వదిలేశారంటే పసులపోలిగాళ్ళు, పికిలిపిట్టలు వచ్చి దుప్పటి మీది రెక్కల పురుగులన్నిటినీ వరసగా తినేస్తాయి. పిట్టలకది పండుగే గానీ, మీరు పిలిచి తెచ్చిన పురుగులవి.

ఆదివారం, ఆరున్నర: పక్షుల నడక

నవంబరు మధ్యలో సూర్యోదయం ఆరుంబావు ప్రాంతంలో. ఆరున్నరకు కదిలితే ఏడూ ముప్పావుకు తిరిగి రావచ్చు. 120 మందిలో ఈ వేళకు వచ్చేది సగమే ఉంటారు, అదే మంచిది. ఒక్కో నాయకుడి వెంట 15 మందికి మించకుండా, నాలుగు గుంపుల్ని నాలుగు వైపులకు పంపండి. అందరూ ఒకే గట్టు ఎక్కితే మొదటి పదిమందికి పిట్టలు, మిగతావాళ్ళకు వీపులు కనిపిస్తాయి.

బైనాక్యులర్లు 8×42 సైజువి ముగ్గురికొకటి. పదేళ్ళలోపు పిల్లలకు 8×32 తేలిక. బయల్దేరే ముందు పది నిమిషాలు కదలని గుర్తు మీద, అంటే దూరపు స్తంభం మీదో కొబ్బరిచెట్టు మీదో ఫోకస్ చేయడం నేర్పండి. ఆ పది నిమిషాలు మిగుల్చుకుందామనుకుంటే "ఏదీ, ఎక్కడ?" అంటూనే నడకంతా అయిపోతుంది. సూర్యుణ్ణి వీపున పెట్టుకుని నడిచే దారి ఎంచుకోండి. ఎదురెండలో పిట్టలన్నీ నల్లగానే కనిపిస్తాయి.

ఎన్ని రకాలు చూశామన్నది పోటీ కాదు. ఐదారు పక్షుల్ని నింపాదిగా చూపిస్తే చాలు. చెరువులో నామాల కోడి, బుడుంగున మునిగి ఇంకోచోట తేలే మునుగుడు కోడి, రెక్కలు చాపి ఆరబెట్టుకునే నీటికాకి, గట్టున తీతువు, తీగ మీద లకుముకి పిట్ట. తెలంగాణలోనైతే దసరాకు వెతుక్కునే పాలపిట్ట ఇప్పుడూ కరెంటు తీగల మీదే ఉంటుంది. ఈత, తుమ్మచెట్లకు గిజిగాడి గూళ్ళు వేలాడుతుంటే అక్కడ తప్పకుండా ఆగండి. గూడు కట్టేది మగపిట్ట. సగం కట్టాక ఆడపిట్ట వచ్చి చూసి మెచ్చితేనే మిగతా సగం పూర్తి చేస్తుంది. కిందికి తెరుచుకుని హెల్మెట్‌లా ఆగిపోయిన గూళ్ళు చాలావరకు ఆడపిట్టలకు నచ్చనివి. కిందపడిన గూటిని చేతికివ్వొచ్చు గానీ చెట్టు మీదిది ఖాళీగా ఉన్నా కోయొద్దు, మునియాలనే చిన్న పిట్టలు అందులో చేరుతుంటాయి.

ఫోనులో పక్షి కూత వినిపించి పిలవడం మానండి. ఎవరో తన అడ్డాలోకి చొరబడ్డారనుకుని పక్షి మేత మానేసి కూస్తూ తిరుగుతుంది.

ఎనిమిదిన్నర నుంచి పదకొండున్నర: నాలుగు అడ్డాలు

టిఫిను తిని ఎనిమిదిన్నరకు మొదలుపెట్టండి. 30 మంది చొప్పున నాలుగు జట్లు, ఒక్కో అడ్డాలో 35 నిమిషాలు, మారడానికి 10 నిమిషాలు. మైకు బదులు గంట కొట్టండి. ఐదో అడ్డా, ఆరో అడ్డా పెడదామన్న ఉత్సాహానికి లొంగకండి. తలా ఇరవై నిమిషాలైతే పిల్లలు వంగి చూసేలోపే గంట మోగుతుంది.

కసిమి అడ్డాలో చేయాల్సింది ఇక తక్కువే. పొద్దున చూసిన పిట్టనో ఆకునో గీయమనండి. ఆకు మీద కసిమి పూసి అద్దితే ఈనెలన్నీ పడతాయి. ముందే చెప్పాల్సిన మాట: ఇది బట్టలకు అంటితే పోదు. బల్ల మీద పాత న్యూస్‌పేపర్లు పరచి, పాత చొక్కా వేసుకురమ్మని రెండు రోజుల ముందే కబురు పెట్టండి. గీసిన ముక్కను మర్నాడు పారే నీళ్ళలో ఉతకమని చెప్పి పంపండి. ఇనుము ఎక్కువ నిలిచిన చోట బట్ట కొన్నాళ్ళకు చివికిపోతుంది.

ముగ్గు అడ్డాకు పెట్టుబడి అర కిలో బియ్యప్పిండి. నేల మీద అరచేయంత ముగ్గులు రెండు, ఒకటి బియ్యప్పిండితో, రెండోది దుకాణంలో అమ్మే రాతిపిండితో, పక్కపక్కనే మీటరు దూరంలో వేయండి. మూడోచోట చిటికెడు బెల్లం. చీమలు మొదట దేనికి వస్తాయి, ఎన్ని నిమిషాలకు, వరస ఎటు నుంచి ఎటు సాగుతోంది అని పిల్లలు రాసుకోవాలి. చీమల పుట్టకు రెండు మీటర్లలోపు వేస్తే 35 నిమిషాలు సరిపోతాయి, దూరమైతే ఏమీ జరగదు. అందుకే ఒక్కో జట్టుకు ఒక్కో పుట్టను ముందే చూసి ఉంచండి. ఎర్రచీమల పుట్ట కాకుండా నల్లచీమలది. చీమలు వచ్చేలోగా నాలుగు మీటర్ల తాడు, నాలుగు పుల్లలతో మీటరు చదరం కట్టి, ఆ చదరంలో ఎన్ని రకాల ఆకులు, ఎన్ని రకాల పురుగులు ఉన్నాయో లెక్కపెట్టించండి. రోకలిబండ కనిపిస్తే వేలితో ముట్టుకుంటే చుట్టుకుపోవడం చూపించొచ్చు. జెర్రి కనిపిస్తే ముట్టనివ్వొద్దు. ఒక్కో ఖండానికి రెండు జతల కాళ్ళుంటే రోకలిబండ, ఒకే జత ఉంటే జెర్రి. ఆరుద్ర పురుగేదీ అని ఏ అమ్మమ్మో అడుగుతుంది. అది తొలకరికి వచ్చే చుట్టం, ఇప్పుడు కనిపించదని చెప్పండి.

నీటి అడ్డా దగ్గర మొదటి నిర్ణయం, అసలు పెట్టాలా వద్దా అన్నది. చెరువులో మురుగు కలుస్తుంటే, నీళ్ళు నురగ కడుతుంటే, గుర్రపు డెక్క కప్పేసి ఉంటే ఈ అడ్డా మానేసి ఇంకో చెట్ల అడ్డా పెట్టుకోండి. నీళ్ళు శుభ్రంగా ఉన్నా పిల్లలు ఒడ్డుకు వెళ్ళాల్సిన పని లేదు. ఈత వచ్చిన ఇద్దరు పెద్దవాళ్ళు పొద్దున్నే ఒడ్డు వెంబడి కలుపు, నాచుతో సహా వలతో గాలించి, రెండు బకెట్ల నీళ్ళు తెచ్చి నీడలో పెట్టాలి. తెల్ల ట్రేలు ఎనిమిది, ఒక్కోదాంట్లో రెండు మూడు సెంటీమీటర్ల చెరువునీళ్ళే పోయాలి. కొళాయి నీళ్ళ క్లోరినుకు పురుగులు చస్తాయి. తెల్ల ప్లాస్టిక్ చెంచాలు, మెత్తని కుంచెలు, భూతద్దాలు ఇవ్వండి. చేతికి గాయమున్న పిల్లలు చూడటమే, ముట్టుకోవద్దు. ఎలుక జ్వరం నీటి ద్వారా గాయాల్లోంచి రావచ్చు. చివర్లో అందరూ సబ్బుతో చేతులు కడగాలి.

ట్రేలో మట్టి దిగేదాకా రెండు నిమిషాలు కదపకుండా ఉంటే అన్నీ బయటికొస్తాయి. తూనీగ పిల్లపురుగు వెనకనుంచి నీళ్ళు చిమ్ముకుంటూ ముందుకు దూకుతుంది. నీటితేలు తోకను చూసి భయపడతారు, అది ముల్లు కాదు, ఊపిరి గొట్టం. దోమ పిల్లల్లో నీటి పైపొరకు తలకిందులుగా ఏటవాలుగా వేలాడేది క్యూలెక్స్, అడ్డంగా పడుకున్నట్టుండేది మలేరియా మోసే అనాఫిలిస్ జాతి. వెల్లకిలా ఈదే పురుగును, బాదం గింజను మించిన పెద్ద నీటి నల్లిని మాత్రం చెంచాతో తీసి వేరే గిన్నెలో పెట్టండి, రెండూ గట్టిగా కుడతాయి. ఒక్కో జట్టుకు నీళ్ళు మార్చి, చూసినవాటిని తెచ్చిన చోటే వదలాలి.

నాలుగోది చెట్లు, విస్తరాకుల అడ్డా. ఉసిరికొమ్మ, చింతరెబ్బ పక్కపక్కన పెట్టి "వీటిలో ఆకు ఏది?" అని అడగండి. చూడ్డానికి రెండూ ఒకలాగే ఉంటాయి. చింతలో రెబ్బంతా కలిపి ఒక ఆకు, చిన్నవన్నీ దాని చిట్టి ఆకులు. ఉసిరిలో ఆ చిన్నవే ఒక్కొక్కటీ పూర్తి ఆకు. నమ్మకపోతే కాయ ఎక్కడ పట్టుకునుందో చూడమనండి. ఉసిరికాయలు ఆ సన్న రెమ్మ వెంబడే, ఆకుల మొదళ్ళలో అంటుకుని ఉంటాయి. చింత రెబ్బ మీద ఎప్పుడూ కాయ కాయదు. ఎక్కడికెళ్ళినా మోదుగకు మూడే ఆకులన్న సామెత ఉండనే ఉంది, మోదుగాకు చేతికిచ్చి ఆ మూడూ కలిస్తేనే ఒక ఆకు అని చెప్పండి.

ఆ తరవాత అదే మోదుగాకులతో ఎవరి విస్తరి వాళ్ళు కుట్టుకోవాలి. మధ్యలో ఒక పెద్దాకు, చుట్టూ ఆరేడు ఆకులు ఒకదాని అంచు మీద ఒకటి వచ్చేలా పేర్చి, సన్నని చీపురుపుల్లల్ని రెండంగుళాల ముక్కలుగా విరిచి గుచ్చాలి. తొడిమలు లోపలికి, నున్నటి వైపు పైకి. వాడని ఆకు విరుగుతుంది, ఎండిన ఆకు చిట్లుతుంది. అందుకని ముందురోజు కోసి, తడిగుడ్డలో చుట్టి ఉంచండి. మోదుగ దొరకకపోతే దుకాణాల్లో కట్టలుగా అమ్మే అడ్డాకులు కొని పది నిమిషాలు నీళ్ళలో వేసి తీయండి. కొన్ని విస్తర్లు చిల్లులతో వస్తాయి, 40 అరిటాకులు సిద్ధంగా ఉంచుకోండి.

భోజనం

వంట స్థలంలో వద్దు, వండించి తెచ్చుకోండి. తేనెపట్టు సంగతి పైన చెప్పిందే, పైగా ఎండుగడ్డి ఉన్న చోట నిప్పు అసలే కూడదు. పులిహోరకు 8 కిలోల బియ్యం, కిలో చింతపండు. పెరుగన్నానికి 5 కిలోల బియ్యం. అన్నం మెత్తగా వండి, పాలు దండిగా, పెరుగు కొద్దిగా కలిపి పొద్దున ఏడుకు మూత పెడితే పన్నెండింటికి పులుపెక్కకుండా తోడుకుని ఉంటుంది. పొద్దున్నే పూర్తిగా పెరుగుతో కలిపేస్తే మధ్యాహ్నానికి నోట పెట్టలేం. పక్కన ఉసిరి పచ్చడి. తాగడానికి 20 లీటర్ల క్యాన్లు 12, చేతులు కడగడానికి వేరేగా డ్రమ్ము. గ్లాసులు ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలని పిలుపులోనే రాయండి. అలా రాసినా ఇరవైమంది మర్చిపోతారు, స్టీలు గ్లాసులు 30 మీ దగ్గరుండాలి.

తిన్న విస్తర్లకు మీటరు చదరం, ముప్పావు మీటరు లోతు గొయ్యి ముందే తవ్వించండి. ఆకులు, మెతుకులు, పైన పిడికెడు మట్టి. విస్తర్లను పశువులకు వేయకండి, పుల్లలు నోట్లో గుచ్చుకుంటాయి.

మందుల పెట్టె

ఓఆర్ఎస్, దూది, క్రిమిసంహారక మందు, పట్టీలు, పట్టకారు. దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రి ఏది, పాముకాటు మందు అక్కడ ఉందా అన్నది ముందే కనుక్కుని గోడకు రాయండి. పాము కరిస్తే కట్లు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం వద్దు. కరిచిన కాలూ చెయ్యీ కదపనివ్వకుండా 108కి ఫోను చేసి తీసుకెళ్ళడమే. తేనెటీగలు దిగితే మొహం కప్పుకుని తిన్నగా పరుగెత్తి గదిలోకో కారులోకో దూరాలి. చేతులు విసరకూడదు, నీళ్ళలోకి దూకకూడదు. ముళ్ళను వెంటనే గోటితో గీకి తీసేయాలి. పెదాలు వాచినా, ఊపిరి అందకపోయినా ఆలస్యం చేయకుండా 108.

మొక్కలు, విత్తన బంతుల మాట

ఎవరో ఒకరు తప్పకుండా విత్తన బంతులు చేద్దామంటారు. కార్తీకంలో వద్దు. చాలా జిల్లాల్లో ఇక జూను దాకా సరైన వాన ఉండదు, విసిరిన బంతుల్ని చీమలూ ఎలుకలూ తింటాయి. మొక్కల పంపిణీ కూడా అంతే, నీళ్ళు పోసే చెయ్యి ఖాయం లేకపోతే వేసవికి ఎండిపోతుంది. ఇవ్వాలనుకుంటే కుండీలో బతికే కరివేపాకు మొక్క ఇవ్వండి. దాని మీద గుడ్లు పెట్టడానికి సీతాకోకచిలుకలు వస్తాయి. పిట్ట రెట్టలాంటి గొంగళిపురుగు కనిపిస్తే మందు కొట్టొద్దని చీటీ కట్టి ఇవ్వండి. విత్తనాల పనే కావాలంటే బతుకమ్మకు వాడిన గునుగు ఇప్పుడు గింజ పట్టి ఉంటుంది. కంకి దులిపితే ఆవాలకన్నా చిన్న నల్లటి మెరిసే గింజలు రాలతాయి. కాగితపు పొట్లాల్లో ఎండబెట్టి, తొలకరికి చల్లుకోవచ్చు.

అయిపోయాక

సాయంత్రమే పక్షుల జాబితాను ఈబర్డ్ వెబ్‌సైట్లో, పురుగుల ఫొటోల్ని ఐనాచురలిస్ట్ వెబ్‌సైట్లో పెట్టేయండి. వారం ఆగితే ఏది ఎక్కడ చూశారో మర్చిపోతారు. పిల్లలున్న ఫొటోలను అమ్మానాన్నల్ని అడగకుండా బయట పెట్టొద్దు. ట్రేలు, వలలు ఎండలో బాగా ఆరాకే కట్టండి. తడిగా ఉన్న వలతో ఇంకో చెరువుకెళ్తే ఈ చెరువు కలుపు, చేపగుడ్లు ఆ చెరువుకు చేరతాయి. మిగిలిన కసిమిని మొక్కల పాదుల్లో పోయకండి. సీసాలో పోసి వదులుగా మూత పెట్టి ఉంచితే నాలుగైదు వారాలు పనికొస్తుంది. బడిపిల్లలు మళ్ళీ అడిగినప్పుడు కొంచెం బెల్లంనీళ్ళు, నాలుగు తుప్పుమేకులు వేస్తే చాలు.